నాచు రాళ్ల మీద కండువా

ఈ రోజు జర్మనీలో ఉంటున్న మా అమ్మాయి నన్ను హాంబర్గ్ నుంచి సముద్రం చూపించడానికి తీసుకెళ్లింది. కోటు మీద కండువా ఎందుకు నాన్నా, అని బయల్దేరేటప్పుడే విసుక్కుంది.

అక్కడ అలలకు అడ్డంగా పేర్చిన బండల నిండా పచ్చటి నాచు. నీళ్లు పైకొస్తున్నాయి. ఒక జర్మన్ పెద్దావిడ నాచు మీద జారి పడింది. లేవబోతే కాలు నిలవడం లేదు. గట్టు మీంచి వంగి చెయ్యి చాచాను. ఆమె తల అడ్డంగా ఊపి ఏదో గట్టిగా అంది.

"కరోనా కదా, దగ్గరికి రావద్దంటోంది నాన్నా."

"ఆ సంగతి నీళ్లకు తెలుసా అమ్మా?"

ఇంతలో అల వచ్చి ఆమెను నడుము దాకా తడిపేసింది. నచ్చజెప్పడానికి నాకు భాష రాదు. కండువా తీసి ఒక కొస ఆమె వైపు విసిరాను. ఆమె కండువాను చూసింది, నన్ను చూసింది, రెండు చేతులా పట్టుకుంది. నేనూ అమ్మాయీ మెల్లగా లాగాం. గట్టెక్కగానే ఆవిడ గబగబా దూరం జరిగి, అక్కణ్ణుంచే దండం పెట్టింది.

ఇంటికొచ్చి ఉతికినా కండువాకు పచ్చ మరక పోలేదు. కోటు మీద కండువా వేసుకోవచ్చో లేదో ఇక మీరే చెప్పండి. అమ్మాయి మాత్రం దాన్ని ఆరబెట్టి, నా కోటు పక్కనే తగిలించింది.