కొంగలు విడిచిన జాగ

కోరుట్లలో మా స్టూడియోకు పోయే గల్లీలో పొద్దున పూట తడిపిన తునికాకు వాసన వస్తుంది. అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తుంటారు. ఆ పచ్చి ఆకు వాసన, దాని వెనకే తంబాకు ఘాటు ముక్కుకు తగలగానే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి, ఊపిరి బిగబడుతుంది. వెనక బండివాడు హారన్ కొడితే గానీ కదలను. చూసేవాళ్లు నాకేదో జబ్బనుకుంటారేమో. జబ్బేమీ లేదు, రాజవ్వత్త నేర్పిన చదువు అది.

వెల్గటూరు అవతల, గోదావరి ఒడ్డున మా అత్తగారి ఊరు. ఆనకట్ట కట్టాక నీళ్లు వెనక్కి తన్ని ఊరి దిగువ సగాన్ని మింగేశాయి. మిగిలిన సగంలో చిట్టచివరి రెండిళ్లలో ఒకటి మాది, పక్కది రాజవ్వత్తది. చుట్టరికం లేదు, వరస కలుపుకున్నామంతే. ఆమె పెరడు వాలుగా దిగి నీళ్లలో కలిసిపోతుంది. పెరటి చివరి రాతిగోడ మాత్రం నీళ్లపైకి జానెడెత్తు కనిపిస్తుంది. తెల్లవారేసరికి దాని మీద కొంగలు, నీటికాకులు బారులు తీరేవి. రాజవ్వత్త వెనక గడపలో కూర్చుని వాటినే చూసేది. ఆకు మడవడం, తంబాకు నింపడం, దారం చుట్టడం అన్నీ వేళ్లే చూసుకునేవి. కళ్లకు పనిలేదు గనుక వాటిని నీళ్లకు అప్పజెప్పింది.

కొత్త కోడలిగా వచ్చిన నాకు వెల్గటూరులో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు తయారుచేసే పని దొరికింది. ఓనరు పక్కన పడేసిన పాత కెమెరా తెచ్చుకుని, ఒక సెలవు రోజు రాజవ్వత్త పక్కన కూలబడ్డాను. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకగానే "అబ్బ!" అన్నాను. అంతే, గోడంతా ఖాళీ అయింది.

"గట్ల మీది మీదికి ఉరుకుతె ఏదస్తదే?" అంది ఆమె. "బండ లెక్క కూసో. ఊపిరి గూడ మెల్లగ ఇడువు. నిన్ను సూసి అవి ఊకున్నంక తియ్యి."

నీళ్లు కదిలితే "నీటికుక్క వచ్చిందత్తా" అన్నాను, నాకు తెలుసన్నట్టు.

"నీటికుక్కను సూసినవా?"

"లేదు, నీళ్లు కదిలినయి."

"మరి నీళ్లు గదిలినయ్ అను. సూసిందే చెప్పు బిడ్డా, సూడంది చెప్పకు."

అప్పుడు నాకు కాస్త కోపం వచ్చింది. పిట్టల దగ్గర ఇంత పట్టింపు దేనికనుకున్నాను. సంగతి తర్వాత మా అత్తగారు చెప్పింది. రాజవ్వత్త భర్త లింగయ్య మామ రోజూ పొద్దున మోకాలిలోతు నీళ్లలో నడిచిపోయి ఆ గోడ మీద కూర్చుని బీడీ తాగేవాడట. నేను కాపురానికి రావడానికి రెండేళ్ల ముందు, ఒక వానాకాలం పొద్దున, ఈమె చాయ్ పెట్టుకొచ్చేసరికి గోడ మీద మనిషి లేడు. పడవలు తిప్పారు, వలలు వేశారు, దొరకలేదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే కొడుకు రమేశ్ వచ్చి కర్మలు చేశాడు. ఆమె మాత్రం బొట్టు తీయనివ్వలేదు. "నేను సూడలె. సూడంది ఎట్ల నమ్ముత?" అందట. అప్పటినుంచి ఆ గడప వదల్లేదు. కొంగలను చూస్తోందని మేమనుకునేవాళ్లం.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. తండ్రి పోయిన పెళ్లికొడుకు పక్కన తండ్రిని తెచ్చి నిలబెట్టడం మా స్టూడియోల్లో మామూలే. పాత ఫోటోలోంచి మనిషిని కత్తిరించి, వెలుగు సరిచేసి, అతికిస్తాం. ఆల్బం చూసి వాళ్లు ఏడుస్తారు, మనకు మిఠాయి డబ్బా ఇస్తారు. ఆ పనిలో నేను దిట్టనని నాకు గర్వం కూడా ఉండేది. రమేశ్ పెళ్లి ఫోటోలో కుర్చీలో కూర్చున్న లింగయ్య మామను తీసి, నేను తీసిన కొంగల ఫోటోలో, గోడ మీద వాటి మధ్య ఖాళీ చూసి కూర్చోబెట్టాను. రాజవ్వత్త సంతోషిస్తుందనుకున్నాను.

ఫోటో చేతిలో పెట్టగానే ఆమె వేళ్లలోంచి ఆకు జారి పడింది. అలా జారడం నేనెన్నడూ చూడలేదు.

"అచ్చిండా?" అంది. "ఎన్నడచ్చిండు బిడ్డా? నేను చాయ్ పెట్టవోయినప్పుడా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "నేనే పెట్టిన అత్తా, కంప్యూటర్ల. మామ రాలేదు" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బొటనవేలితో ఫోటోలోని మామను కప్పింది. వేలికి అటు కొంగలు, ఇటు కొంగలు.

"మీ మామను నువ్వు వెట్టినవ్. మరి గీ జాగ ఎవలు ఇడిసిండ్రు?"

ఆ మాటతో ఇంటికి పోయి నాలుగు నెలలుగా తీసిన ఫోటోలన్నీ తెరిచాను. కొంగలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఇరుక్కుని కూర్చున్నాయి. ప్రతి ఫోటోలో, అదే చోట, ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. వరసగా తీసిన మూడు ఫోటోల్లో ఒక నక్క ఉంది. మొదటిదాంట్లో గోడ మీద నడిచి వస్తోంది. రెండోదాంట్లో నీళ్లలో ఈదుతోంది. మూడోదాంట్లో ఆ ఖాళీ దాటాక మళ్లీ గోడ ఎక్కి ఒళ్లు విదిలించుకుంటోంది. తీసింది నేనే, చూడనిదీ నేనే. కంప్యూటర్ ఆపేశాను.

ఎండాకాలం నీళ్లు తగ్గాక గోడ దాకా నడిచిపోయాను. రెండు వైపులా రెట్టలతో రాయి సున్నం కొట్టినట్టుంది. మధ్యలో ఆ ఖాళీ ఉన్నంత మేర కడిగినట్టు నల్లగా ఉంది. చెయ్యి చాపి కూడా దాన్ని ముట్టుకోలేకపోయాను.

గడపలోంచి రాజవ్వత్త కేకేసింది. "ఏమున్నదే?"

"ఏం లేదత్తా."

"ఏం లేదని సూసినవా?"

మళ్లీ రాయి వైపు చూసి, "గీ జాగల రెట్టలు లేవత్తా. రాయి నల్లగుంది" అన్నాను.

"గట్ల చెప్పు" అని ఆమె మళ్లీ చాటలో చెయ్యి పెట్టింది. ఆ పొద్దున్నుంచి రెండు గ్లాసుల్లో చాయ్ పోసేది. రెండోది చల్లారాక తనే తాగేది.

తర్వాత మేం కోరుట్లకు మారాం. నిరుడు వానల్లో జ్వరం తగిలి రాజవ్వత్త పోయింది. రమేశ్ ఫోన్ చేసి ఏడ్చాడు. "అమ్మను, నాయినను గా గోడ మీద కూసోవెట్టి ఒక ఫోటో చెయ్యక్కా, పదకొండో రోజుకు" అన్నాడు. కాదనలేక, గోడ ఫోటో తీయడానికి తెల్లవారుజామునే పోయి ఆమె గడపలో కూర్చున్నాను. చాట ఇంటి గోడకు చేరేసి ఉంది. రమేశ్ నా వెనక నిలబడ్డాడు. మసక వెలుతురులో కొంగలు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. ఎప్పటిలాగే జరిగి జరిగి కూర్చున్నాయి. రమేశ్ ఊపిరి ఆగడం నాకు వినిపించింది.

"అక్కా, జాగ పెద్దగయింది" అన్నాడు మెల్లగా.

"సూసిన" అన్నాను.

ఉన్నదున్నట్టే ఫ్రేము కట్టి ఇచ్చాను. పదకొండో రోజున వాడు దాన్నే పెట్టుకున్నాడు. స్టూడియోలో ఇప్పటికీ పోయినవాళ్లను అతికిస్తూనే ఉన్నాను, తిండి పెట్టేది అదే. కాకపోతే ఫోటో చేతికిచ్చే ముందు, "ఇది నేను పెట్టింది, ఆయన వచ్చింది కాదు" అని ఇంటి ఆడమనిషికి నా నోటితో చెప్తాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

మొన్న సంవత్సరీకానికి పిలవడానికి రమేశ్ స్టూడియోకు వచ్చాడు. ఆ ఫోటోదే ఒక కాపీ స్టూడియోలో తగిలించుకున్నాను, దాని ముందు నిలబడి, "చుట్టాలందరు అడుగుతున్నరక్కా. గీసారైనా గా ఖాళీల అమ్మను నాయినను పెట్టరాదు?" అన్నాడు.

నేను ఊపిరి మెల్లగా వదిలాను.

"అండ్ల జాగ లేదు తమ్మీ" అన్నాను.