ఒక్క వారం ఆగమన్న కురియన్ సార్

షార్జాలో సజ్జా వైపు గానీ, మా అత్తగారి ఊరు ముమ్మిడివరం వైపు గానీ "సూరిబాబు ఇన్సూరెన్సు డబ్బు మేనేజరు కురియన్ తినేశాడు" అని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి. ఆ మాట పుట్టించింది నేను. రెండేళ్ళపాటు పెంచి పెద్ద చేసిందీ నేనే. ఆ పెద్దమనిషి నా దిర్హాం ఒక్కటి ముట్టుకోలేదు. నోటి దగ్గరకి వచ్చిన ముద్దని నేనే విసిరికొట్టి, విసిరికొట్టినట్టు రబ్బరు స్టాంపు కూడా వేయించుకున్నాను. అంతటి ఘనకార్యం ఎలా జరిగిందో, నలభై ఏడేళ్ళొచ్చాక ఇప్పుడు నిజాయితీగా రాస్తున్నాను. నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికే నవ్వుకున్నారు.

అప్పట్లో నేను సజ్జాలో అల్యూమినియం కిటికీలు చేసే ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్ని. మా ఆవిడ రత్నం షార్జా ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. నేను కంపెనీ క్యాంపులో పదిమంది మగాళ్ళ గదిలో, ఆమె మేడం ఇంట్లో వంటగది పక్కన. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. వారానికొక పూట రోలా పార్కులో బెంచీ మీద కలుసుకునేవాళ్ళం. ఇద్దరు పిల్లల తల్లిదండ్రులం, కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన జంటలా అటూ ఇటూ చూసుకుంటూ చేపల పులుసు తినేవాళ్ళం.

ఒక ఆదివారం రత్నం క్యారేజీ మూత తీయకుండానే విషయం చెప్పింది.

"మా మేడం వాళ్ళు ఖోర్ ఫక్కాన్ మారిపోతున్నారండి. కొండల అవతల సముద్రం ఒడ్డున ఊరంట. నన్నూ రమ్మంటున్నారు. పెరట్లో విడిగా ఒక గది ఉందంట. మీ ఆయన కూడా వస్తే ఇద్దరూ అందులో ఉండండి, కాయితాలు మేం చూసుకుంటాం అన్నారు. ఒకటో తారీఖు దాటితే మాత్రం డ్రైవరుకి ఇచ్చేస్తారంట."

గది. విడిగా. తలుపుతో సహా. తొమ్మిదేళ్ళు ఒక మంచం, దాని చుట్టూ దుప్పటి తెర తప్ప వేరే ఇల్లు ఎరగని మనిషికి ఆ మాట చెవిలో ఎలా పడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

"వచ్చేస్తాను," అన్నాను.

"మరి పనో? అక్కడ పని చూసుకున్నాక ఇక్కడ మానెయ్యండి."

"పని దొరికేదాకా ప్రభుత్వం పోషిస్తుంది. ఉద్యోగం ఇన్సూరెన్సు కడుతున్నాం కదా. పని పోయినవాడికి మూడు నెలలు జీతంలో సగం పైనే ఇస్తారు."

"పోయినవాళ్ళకి కదండీ. మీరు మానేస్తున్నారు."

ఇక్కడే నేను ఆగి ఉండాల్సింది. ఇంటి పనివాళ్ళకి అసలు వర్తించని ఇన్సూరెన్సు గురించి, అది కట్టని రత్నానికి తెలిసినంత, ఏడాది పైగా కట్టిన నాకు తెలియలేదు. కానీ నా దగ్గర సాక్ష్యం ఉంది. కెనడాలో లారీ తోలే మా బావమరిది పంపిన వాయిస్ మెసేజ్. ఫోన్ తీసి వినిపించాను.

"బావా, మా దగ్గరైతే పెళ్ళానికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని మొగుడు మానేసి కూడా వెళ్ళినా ఇస్తారు బావా."

"వాడు 'మా దగ్గర' అంటున్నాడు కదండీ," అంది రత్నం.

"ఇన్సూరెన్సు ఎక్కడైనా ఇన్సూరెన్సే," అన్నాను, ప్రపంచంలోని ఇన్సూరెన్సు కంపెనీలన్నీ మా తాతగారు పెట్టినట్టు.

మర్నాడే ఇండస్ట్రియల్ ఏరియాలో టైపింగ్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ టైపు చేసేది ఒక పెషావర్ ఖాన్ సాబ్. నేను హిందీలో చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో కొట్టాడు. "నా భార్య ఎక్కడుంటే నా చోటు అక్కడే. అందుకని మానేస్తున్నాను." కింద ఇంకో వాక్యం నేనే అడిగి పెట్టించాను: "నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. కంపెనీ మీద ఏ ఫిర్యాదూ లేదు. పూర్తిగా నా సంతోషంతో, నా ఇష్టంతో వెళుతున్నాను." పెళ్ళాం గీసిన గీత దాటడనుకుంటారేమోనని నా భయం. ఖాన్ సాబ్ తల పైకెత్తి "పక్కానా?" అని అడిగాడు. "పక్కా" అన్నాను. రెండు కాపీలు తీయించాను. ముందుచూపున్న మనిషిని కదా.

మా ముదీర్, అంటే మేనేజరు, కురియన్ సార్ కేరళ మనిషి. ఆయన హిందీలో మాటలకన్నా నిట్టూర్పులు ఎక్కువ. అందుకని ఆయన మాటల్ని నా తెలుగులోనే రాస్తాను. కాగితం చేతికిచ్చాను. చదివాడు. తలుపు వేశాడు. కాగితం నాకే తిరిగిచ్చాడు.

"సూరీ, ఈ వారం నాకు పని ఎక్కువగా ఉంది. వచ్చే వారం తీసుకురా."

"సంతకం పెట్టడానికి వారం ఎందుకు సార్?"

"ఒక్క వారం ఆగు, సూరీ. సబర్."

నేను బయటికి వచ్చి గదిలో అందరికీ ప్రకటించాను, "ముదీర్ నన్ను వదలడం లేదు" అని. మా గదిలో గంగారాం అని ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, నాకన్నా రెండేళ్ళు చిన్న.

"ఎందుకు వదులుతడన్నా? నువ్వు లేకుంటే స్టోర్ల ఏ స్క్రూ ఏడుందో ఎవరికెరుక," అన్నాడు.

వాడు వెక్కిరించాడు. నేను దాన్ని సర్టిఫికెట్‌గా తీసుకున్నాను. అయ్యా, నా పతనానికి అసలు కారణం ఇన్సూరెన్సు కాదు, ఆ స్క్రూలు. నాలుగు వేల రకాల స్క్రూలు ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలను కాబట్టి, నేను కదిలితే ఆ ఫ్యాక్టరీ పేకమేడలా కూలుతుందని గట్టిగా నమ్మాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. కురియన్ సార్ కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం వెతికి వెతికి ఒక అచ్చుతప్పు పట్టుకున్నాడు.

"ఇది దిద్దించుకు రా."

దిద్దించుకొచ్చాను. తేదీ పైన కాదు కింద ఉండాలన్నాడు. కిందకి దించుకొచ్చాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నాడు. పెద్దవి చేయించుకొచ్చాను. నాలుగోసారికి ఖాన్ సాబ్ నన్ను చూడగానే ప్రింటర్ ఆన్ చేసి, టీ తెప్పించాడు. ఐదోసారి నేను వెళ్ళేసరికి కురియన్ సార్ క్యాబిన్ వెనక తలుపు గుండా బాత్రూముకి పరిగెత్తి లోపల గడియ పెట్టుకున్నాడు. తలుపు అవతలి నుంచి, "సూరీ, నీ ఇన్సూరెన్సు కాగితాలు జాగ్రత్తగా ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి సార్."

"భద్రం. అవి నీకు పనికొస్తాయి. తొందరపడకు."

మీరైతే ఈపాటికి ఏదో వాసన పట్టి ఉంటారు. నాకు మాత్రం బాత్రూము తలుపు ముందు నిలబడి ఉన్నా ఏ వాసనా రాలేదు. పాపం, నన్ను ఉంచుకోవడానికి ఎంత తంటాలు పడుతున్నాడో అని కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం రత్నం ఫోన్ చేసింది.

"ఎవరో మీ ఫ్యాక్టరీ ఆయనంట, హిందీలో ఏదో చెప్పాడండి. మీ ఆయన్ని ఒక్క వారం ఆగమను, నీ మంచికే చెప్తున్నాను అని పెట్టేశాడు. ఏంటండి సంగతి?"

"చూశావా, ఆఖరికి నీ కాళ్ళు పట్టుకునేదాకా వచ్చారు."

"కాళ్ళు పట్టుకున్నట్టు లేదండి. భయపడతన్నట్టున్నాడు. ఆగితే పోయేదేముంది? ఒకటో తారీఖుకి ఇంకా పది రోజులుంది కదా."

"నీకు ఫ్యాక్టరీ రాజకీయాలు తెలియవు," అని పెట్టేశాను.

మర్నాడు మా అర్బాబ్, అంటే ఫ్యాక్టరీ యజమాని, వచ్చాడు. నెలకోసారి వచ్చి షెడ్డంతా తిరిగి చూసి వెళ్ళడం ఆయన అలవాటు. వెనక కురియన్ సార్ టీ కప్పుతో నడుస్తున్నాడు. ఇదే అదననుకున్నాను. స్టోర్ గుమ్మంలోంచి ఊడిపడ్డట్టు ఎదురు నిలిచి, సలాం చెప్పి, ఉత్తరం చాపాను. కురియన్ సార్ మా ఇద్దరి మధ్యకి దూసుకొచ్చాడు. చేతిలోని టీ మొత్తం నా ఉత్తరం మీద పోసేశాడు.

"అరెరె, పొరపాటు. పో సూరీ, పో, రేపు చూద్దాం."

నేను చిరునవ్వు నవ్వాను. జేబులోంచి రెండో కాపీ తీశాను.

ఆ క్షణంలో కురియన్ సార్ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఒడ్డుకి లాగిన మనిషి చెయ్యి విడిపించుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచి వెళుతుంటే చూస్తున్నవాడి ముఖం అది.

అర్బాబ్ చదివాడు. చదివే కొద్దీ ఆయన ముఖం విచ్చుకుంది. "భార్య కోసమా? మాషా అల్లా," అని నా భుజం తట్టాడు. "నోటీసు నెల కూడా అక్కర్లేదు. యల్లా, ఈ వారమే వెళ్ళు. ఖలాస్." నా వీపుని బల్లగా చేసుకుని అక్కడే సంతకం పెట్టాడు. ఆఫీసు నుంచి స్టాంపు తెప్పించి, టీలో తడిసిన నా కాపీ మీద కూడా వేయించమని నేనే పట్టుబట్టాను. ఆయన సంతోషం పట్టలేక తన దగ్గరున్న అత్తరు సీసా నా చేతిలో పెట్టాడు. కురియన్ సార్ స్క్రూల పెట్టె మీద కూలబడి తల పట్టుకున్నాడు. నేను వెళ్ళి "బాధపడకండి సార్, ఫోన్‌లో అడిగితే ఏ స్క్రూ ఎక్కడుందో చెబుతాను" అని ఓదార్చాను.

నాలుగు రోజుల తర్వాత, నేను పెట్టె సర్దుకుంటున్న పూట, పన్నెండు మందికి ఉత్తరాలు వచ్చాయి. కంపెనీ నడపలేక మనుషుల్ని తగ్గిస్తున్నారు. గంగారాంకీ వచ్చింది. వాడు మంచం మీద దిగాలుగా కూర్చున్నాడు. అత్తరు రాసుకుని ఉన్న నేను వాడి పక్కన కూర్చుని ధైర్యం చెప్పాను.

"ఏడవకురా గంగారాం. మనందరికీ ఇన్సూరెన్సు ఉంది. కలిసే దరఖాస్తు చేద్దాం."

వాడు నావైపు వింతగా చూశాడు.

"మాకొస్తదన్నా. మమ్ముల తీసేసిన్రు. నీకెట్లొస్తది? నువ్వు రాసిచ్చి పోతున్నవ్ గదా."

"ఉద్యోగం లేకపోవడం ఎలాగైనా ఒకటే కదా."

"ఎవరన్నరు?"

"మా బావమరిది."

"ఏడుంటడు?"

"కెనడా."

గంగారాం తన ఇన్సూరెన్సు కాగితం తీసి నంబరు చూశాడు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాడు. అవతలి అమ్మాయి హిందీలో ఎంతో మర్యాదగా, రాజీనామా చేసినవాళ్ళకి వర్తించదని చెప్పింది. "భార్యతో వేరే ఊరు వెళుతున్నానమ్మా," అన్నాను. శుభాకాంక్షలు చెప్పి పెట్టేసింది.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నా ఒంటి మీంచి అత్తరు గుప్పుమంటోంది.

కురియన్ సార్ క్యాబిన్‌కి పరిగెత్తాను. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పదమూడు పేర్లు. అన్నిటికన్నా పైన నా పేరు. దాని మీద ఎర్ర గీత.

"స్టోర్ మొత్తం మూసేస్తున్నారు, సూరీ. మొదట నిన్నే తీసేయాలనుకున్నారు. లిస్టు బయటికి పొక్కితే నా పేరూ అందులో ఉంటుందన్నారు. నోరు తెరిచి చెప్పలేను. ఇంకెలా చెప్పను? టీ కూడా పోశాను."

నేను కదిలితే ఫ్యాక్టరీ కూలుతుందనుకున్నానే, అక్కడ నన్ను కదిలించడానికే ముందుగా ముహూర్తం పెట్టారు. నాలుగు వేల స్క్రూలూ ఒక్కసారి నా నెత్తిన పడ్డట్టయింది.

ఆ మాట రత్నంతో ఎలా చెప్పను? రెండుసార్లు ఆగమంది. ఒకటో తారీఖుకి ఖోర్ ఫక్కాన్‌లో ఆ గది గుమ్మంలో నిలబడి, "మరి ఆ డబ్బో?" అని అడిగితే, "కురియన్ తినేశాడు," అన్నాను. ఒక్క మాట. నాలుక తిరిగిన దారిన వచ్చేసింది. ఆమె నమ్మింది. నాలుగు నెలలు, నేను రేవు దగ్గర ఐస్ గోడౌన్‌లో పనికి కుదిరేదాకా, తన జీతంతోనే నన్ను పోషించింది. కొడుకు హాస్టలు ఫీజు కోసం చెవి దుద్దులు అమ్మింది. అమ్మినప్పుడు కూడా నన్నేమీ అనలేదు. కురియన్‌నే తిట్టింది. ముమ్మిడివరంలో మా అత్తగారైతే ఆయన పేరు చెప్పి రోజూ ఉదయం మెటికలు విరిచేది.

పోయిన నెల సెలవు రోజున మా తలుపు ఎవరో తట్టారు. నేను స్నానం చేస్తున్నాను. రత్నం తలుపు తీసింది. సముద్రం చూడడానికి కుటుంబంతో వచ్చి, నా అడ్రసు గంగారాం దగ్గర కనుక్కుని, అరటికాయ చిప్స్ పొట్లంతో కురియన్ సార్.

"ఎవరండీ మీరు?"

"కురియన్. సజ్జా ఫ్యాక్టరీ."

బాత్రూములో గడియ పెట్టుకోవడం ఈసారి నా వంతయింది.

"మీరేనా మా ఆయన డబ్బు తిన్నది?" అని రత్నం హిందీలో అడగడం వినిపించింది. తర్వాత చాలాసేపు ఆయన గొంతే. ఫోన్‌లో నా ఉత్తరం ఫొటో ఉందట. ఒక్కొక్క వాక్యం హిందీలోకి మార్చి చదివి వినిపిస్తున్నాడు. "నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు... పూర్తిగా నా సంతోషంతో..."

"ఆ రోజు ఫోన్ చేసింది మీరేనా?" అంది రత్నం, ఆ గొంతు గుర్తుపట్టి.

నేను తువ్వాలుతో బయటికి వచ్చేసరికి ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నావైపు చూడలేదు.

"ఆ మొదటి వాక్యం ఇంకోసారి చదవండి సార్," అంది.

ఆయన చదివాడు. "నా భార్య ఎక్కడుంటే నా చోటు అక్కడే."

"ఇరవై ఏళ్ళ కాపురంలో నాతో ఒక్కసారి అనలేదు," అంది రత్నం. "ఫ్యాక్టరీకి టైపు కొట్టించి, స్టాంపు వేయించి ఇచ్చాడు." లోపలికి వెళ్ళి పులుసులో పెద్ద ముక్కలన్నీ కురియన్ సార్ కంచంలో వేసింది. నాకు తోక వచ్చింది. వడ్డిస్తూనే శిక్ష కూడా చెప్పింది. "ఎంతమందికి అబద్ధం చెప్పారో అంతమందికీ నిజం చెప్పండి. మా అమ్మతో మొదలుపెట్టండి."

అలా మొదలుపెట్టి, ముమ్మిడివరం దాటి మీ దగ్గరకొచ్చాను. ఖోర్ ఫక్కాన్ సముద్రం సాక్షిగా, మా ఐస్ గోడౌన్‌లో చలికి వణుకుతూ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో రాజీనామా రాయను. రాయక తప్పని రోజు వస్తే ముందు రత్నం చేతికిస్తాను. ఆమెకి ఇంగ్లీషు రాదు. అయినా అచ్చుతప్పులు పట్టి దిద్దుతానంది, కనీసం ఒక వారం రోజులు.