వెయ్యి వాట్ల పెట్టె

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నేను రైలు పెట్టెల్లో లైట్లూ ఫ్యాన్లూ చూసే ఫిట్టర్ని. తొంభైల మొదట్లో ఒక ఆదివారం, మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, ఆవిడ గోల్‌బజార్ వెళ్ళి రిక్షాలో పెద్ద అట్టపెట్టె తెచ్చింది. నన్ను అడగలేదు, చెప్పలేదు. విప్పితే రెండు స్పీకర్ల టేప్‌రికార్డరు. పెట్టె మీద ఎర్రటి అక్షరాల్లో వెయ్యి వాట్లు అని ఉంది. పక్కన చీమల్లాంటి అక్షరాల్లో పి.ఎం.పి.ఓ.

నాకు ఒళ్ళు మండింది. వెయ్యి వాట్లంటే ఇస్త్రీపెట్టె. దీని వెనక తీగ చూస్తే మా గుమ్మంలో కాలింగ్‌బెల్ తీగంత లావు కూడా లేదు. ఆ రోజుల్లో బజార్లో ఎక్కడ చూసినా ఇదే వరస. కనురెప్పపాటు సెట్టు ఎంత ఎగిరి అరవగలదో లెక్కగట్టి, ఆ అంకెను ఇంకా సాగదీసి పి.ఎం.పి.ఓ. అని అచ్చేసేవాళ్ళు. ఆగకుండా ఇవ్వగలిగే శక్తి వేరు, దాన్ని ఆర్.ఎం.ఎస్. అంటారు. అది రాస్తే కొనేవాడుండడు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఇదంతా మనసులో అనుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేనెందుకవుతాను. ఇప్పుడే తేల్చేస్తానని ఫ్యాను, ఫ్రిజ్జు, అన్నీ ఆపేశాను. సెట్టు ఒక్కటే ఉంచి, చర్చి పాటల క్యాసెట్ వేసి, వాల్యూమ్ ఆఖరిదాకా తిప్పి, వాచీ పట్టుకుని వరండాలో కరెంటు మీటరు ముందు నిలబడ్డాను. మా మీటర్లో చక్రం పన్నెండు వందల చుట్లు తిరిగితే ఒక యూనిట్. నిజంగా వెయ్యి వాట్లు లాగుతుంటే మూడు సెకన్లకో చుట్టు పూర్తవ్వాలి. చక్రం మీది నల్లమచ్చ మళ్ళీ కనబడేసరికి రెండు నిమిషాలు పట్టింది. అంటే పాతిక వాట్లు. అందులోనూ కొంత వేడికే పోతుంది.

ఆ పాతికకే ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ చెవులు మూసుకుని వచ్చి, కాస్త తగ్గించమని బతిమాలింది. అలాగేనని ఆమెను పంపేసి, పందెం గెలిచినవాడిలా లోపలికెళ్ళాను. నీ వెయ్యి వాట్ల సెట్టు మన వంటింటి బల్బు కన్నా తక్కువ తాగుతోందే అని ఎగతాళి చేశాను.

ఆవిడ స్పీకరుకు చెవి ఆనించి కూర్చుని ఉంది. నా మాటకు తిరిగి చూడలేదు. దగ్గరకెళ్ళి సెట్టు ఆపేశాను. అప్పుడు తలెత్తింది.

"బస్, ఇంతేనా దీని సౌండు?" అంది.

ఎదురింటావిడ చెవులు మూసుకున్న సౌండు అది. ఏడాదిగా పిలిస్తే పలకడం లేదని విసుక్కున్నాను తప్ప, ఎందుకు పలకడం లేదో ఒక్కసారైనా ఆలోచించలేదు. పొద్దస్తమానం తీగలూ బ్యాటరీలూ కొలుస్తూ తిరిగే మనిషిని. సిగ్గేసింది.

పక్కన కూర్చున్నాక మెల్లగా చెప్పింది. పాత రేడియో పాడైపోయిందనే అనుకుందట. వెయ్యి వాట్లయితే చక్కగా వినబడుతుంది, తప్పు రేడియోదే, తన చెవులది కాదని తేలిపోతుందని ఆశట. వార్డులో బి.పి. చూస్తుంటే స్టెతస్కోపులో చప్పుడు దొరకడం లేదు. నెల రోజులుగా పక్క సిస్టర్‌ని "నువ్వోసారి చూడమ్మా" అంటూ నెట్టుకొస్తోంది.

"చెప్తే వార్డులోంచి తీసేస్తారండీ. చెప్పకపోతే, ఏదో ఒక రోజు నేనూ ఈ డబ్బా మీదలాగే లేని నంబరు రాసేస్తానేమో."

ఇరుగుపొరుగుకి చూడడానికి ఇంట్లో ఒక బి.పి. మిషను ఉండేది. అది తెచ్చి నా చెయ్యి చాపాను. పట్టీ కట్టి గాలి కొట్టింది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పై అంకె చెప్పింది, నూట నలభై. కింది అంకెకు నాడి చాలదట, చప్పుడు ఎక్కడ ఆగిందో చెవితో వినాల్సిందేనట. స్టెతస్కోపు పెట్టుకుని మూడుసార్లు చూసింది. మూడుసార్లూ పాదరసం అడుగుదాకా దిగిపోయింది. కాగితం మీద నూట నలభై రాసి, గీత గీసి, దాని కింద ఏమీ రాయకుండా నా చేతికిచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున పెద్ద సిస్టర్ దగ్గరకెళ్ళి తనే చెప్పింది. నేను గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. అరగంటకు బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వార్డులోంచి తీసేశారట, పిల్లల టీకాల గదికి మార్చారట.

"ఇరవై రెండేళ్ళు చేశానండీ వార్డులో," అంది.

నీలాంటి నర్సు ఈ ఊళ్ళోనే లేదే అన్నాను. వినబడలేదు. సైకిల్‌కి స్టాండేసి, కాస్త వినబడే కుడిచెవి వైపుకు వెళ్ళి మళ్ళీ చెప్పాను.