మేనత్త పాట ఆగిన చోటు

మొన్న కంటి ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఎదుటి బల్ల మీద ఒక పెద్దమనిషి కుడి కంటి రెప్పను చూపుడు వేలితో ఎత్తి పట్టుకొని దినపత్రిక చదువుతున్నారు. పుట తిప్పవలసినప్పుడు వేలు తీస్తారు, రెప్ప జారిపోతుంది. తిప్పాక మళ్లీ ఎత్తుతారు. తలుపు గడియ తీసినంత సహజంగా ఉంది ఆ పని. ఆ వేలును నేను ఎరుగుదును. అరవయ్యవ దశకం తొలినాళ్లలో అది మా మేనత్త వేలు.

ఆమెను జహీరాబాద్ దగ్గర, కన్నడ సీమ అంచున ఉన్న న్యాల్‌కల్ వైపు ఒక ఊరికి ఇచ్చారు. అక్కడి నల్లరేగడి చేలలో కలుపు తీసే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఒకరు పాట చెబుతారు, సాళ్ల వెంట వంగిన మిగిలినవారంతా అందుకుంటారు. చేతులు పాట వేగాన్నే అనుసరిస్తాయి కనుక, పాట చెప్పే మనిషి దిట్టమైనదైతే ఆసామికి సగం దిగులు తీరినట్లే. మా మేనత్త అటువంటి మనిషి. ఆమె పాటల్లో సగం తెలుగు, పావు కన్నడం, మిగిలింది మరాఠీ. అర్థమేమిటని అడిగితే, "చేతులు ఆడుతున్నయా లేదా, గది చూడు" అనేది. అటువంటి గొంతుకు ఒక చిక్కు వచ్చింది. పొద్దున గంట కొట్టినట్లుండే గొంతు, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముక్కులోకి పోయేది. నమిలే రొట్టె నోట్లోనే నిలిచేది. సాయంత్రం ఒక వేలితో రెప్ప ఎత్తుకొని, రెండో చేత్తో పెనం మీద రొట్టె తిప్పేది. రాత్రి పడుకొని లేస్తే మళ్లీ మామూలే. ఆ 'మళ్లీ మామూలే' అన్నదే ఆమెకు శత్రువైంది. ఆమె అత్తగారు దానికి పనిదొంగతనమని పేరు పెట్టింది.

జహీరాబాద్ దవాఖానలో చూపించకపోలేదు. అయితే దవాఖానకు పోవడమంటే మా వాళ్లకు పెండ్లికి పోవడమే. డాక్టరు ముందు మాసిన బట్టలతో, అలసిన ముఖంతో కూర్చోవడం ఇంటికి తలవంపులు. కనుక ముందురోజు ఆమెకు పని చెప్పరు; తలంటి, నూనె పెట్టి, పెట్టెలోని చీర కట్టించి, బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తీసుకుపోతారు. అంత విశ్రాంతి పొందిన మనిషిలో రోగం ఎక్కడ దొరుకుతుంది? పోయినప్పుడల్లా ఆమె కొత్త పెళ్లికూతురిలా కళకళలాడుతూ కూర్చునేది. డాక్టరు బలానికి ఎర్రమందు సీసా ఇచ్చి పంపేవారు. చివరికి అత్తగారు తేల్చి చెప్పింది: ఈసారి కూడా ఏమీ లేదంటే కోడలు అటు నుంచి అటే తల్లిగారింటికి పోవాలి, మళ్లీ రానవసరం లేదు. తీర్పు స్వయంగా వినడానికి తానూ బండెక్కింది.

పట్నంలో డిగ్రీ చదువుతూ పీర్ల పండుగకు ఇంటికి వచ్చిన నన్ను, మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడినని, డాక్టరుతో మాట్లాడటానికి పిలిపించారు. తీరా చూస్తే నేను కూర్చుకున్న గ్రాంథిక వాక్యాలేవీ అవసరం కాలేదు. పట్నంలోని పెద్ద దవాఖాన నుండి అప్పుడే బదిలీపై వచ్చిన డాక్టరు, నడివయసు ముస్లిం పెద్దమనిషి, రోగులు నిండిన వసారాలోనే నేరుగా ఆమెనే అడిగారు.

"పనికాడ ఏం చేస్తవమ్మా?"

"కలుపు తీస్త సారూ. పాట చెప్త."

"అయితే చెప్పు. జర వింట."

"గీ మందిలనా?" అని ఆమె సిగ్గుపడింది. ఆమె భర్త, మా మామ, తల వంచుకున్నాడు. అత్తగారు మాత్రం, "చెప్పు, చెప్పు. ఇంట్ల గొణుగుతనే ఉంటవు గద" అని పొడిచింది. ఆ పోటుకు జవాబుగానేనేమో, పిండి కొలిచి పోసే పిసినారి అత్త మీది పాట ఎత్తుకుంది మేనత్త. వసారాలో రోగులు నవ్వారు. డాక్టరు గోడకు ఆనుకొని, ఆపవద్దని చేతితో సైగ చేశారు. కొన్ని చరణాలకు మాటలు ముద్దయ్యాయి, ముక్కుతో పలికాయి, రెప్పలు సగానికి వాలాయి. ఒక చరణం నడుమ గొంతు పూర్తిగా ఆగిపోయింది. ఆమె వేలు రెప్ప మీదికి పోయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

డాక్టరు ఒక సూది వేశారు. మామ రెండు బీడీలు కాల్చేలోపు ఆమె రెప్పలు వాటంతటవే లేచాయి. తన వేలును తానే చూసుకొని ఒళ్లోకి దించుకుంది. ఎవరూ అడగకుండానే, ఆగిన చరణాన్ని ఆగిన మాట దగ్గరి నుండి అందుకుంది. వంత పాడేవారు లేక ఆ పాట ఒంటరిగా వినిపించింది, కాసేపే. గోడ వారగా కూర్చున్న అత్తగారు, కొంగుతో ముక్కు తుడుచుకొని, తన మీది పాటకే తాను వంత పలికింది.

"పనిదొంగతనం కాదు, ఇది బీమారి" అని డాక్టరు మామతో అన్నారు. బండి న్యాల్‌కల్ వైపే తిరిగింది. ఆ తరువాత మాత్రలు వచ్చాయి. అవి రోగాన్ని తీసివేయలేదు, అదుపులో ఉంచాయి. చేలో పొద్దటి పాట మేనత్తది, మధ్యాహ్నపు పాట వేరొకరిది అయింది.

తరువాత కాలేజీలో జంతుశాస్త్రం బోధించిన ఏళ్లలో, ఈ వ్యాధి గుట్టు శాస్త్రజ్ఞులు విప్పినప్పుడు నాకు ఆ చేను కనిపించింది. నరం కొన పాట చెప్పే మనిషి. అది ఒక రసాయనాన్ని విడుస్తుంది. కండరం మీద కూర్చున్న చిన్న ప్రోటీన్లు దాన్ని అందుకుంటేనే రెప్ప లేస్తుంది, మాట పలుకుతుంది. ఈ వ్యాధిలో దేహాన్ని కాపాడవలసిన శక్తులే పొరబడి ఆ ప్రోటీన్లను పడగొడతాయి. మొదటి పిలుపులకు జవాబు వస్తుంది. పిలిచిన కొద్దీ సన్నగిల్లుతుంది. ఆ సూదిమందు పిలుపును గాలిలో కలిసిపోకుండా మరికొంత సేపు నిలిపిందంతే. ఏటా నల్లబల్ల మీద ఈ బొమ్మ గీసి, నరాన్నీ కండరాన్నీ నమ్మకంగా వివరించాను. వంత కలిపిన అత్తగారి సంగతి మాత్రం ఏ బొమ్మలోనూ ఇమడలేదు.

ఆసుపత్రిలో నా పేరు పిలిచారు. లేస్తూ ఆ పెద్దమనిషిని, సాయంత్రాలు ఎక్కువవుతుందా అని అడిగాను. ఆయన వేలు తీయకుండానే ఆశ్చర్యంగా తలెత్తి, అవునన్నారు. డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పమన్నాను. మేనత్త పోయి చాలా కాలమైంది, ఆ చేలలో పాటలూ ఆగిపోయాయి. అయినా నా లోపల ఆ దవాఖాన వసారాలో ఇంకా పొద్దుగూకలేదు.