తాడు పట్టుకుని వెనక్కి నడిచిన రోజులు

మొన్న విజయనగరం స్టేషనులో వంతెన మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలి చిప్ప కింద ఏదో చిటుక్కుమన్నట్టయింది. నొప్పి అని కూడా అనలేను గాని భయమేసి, వెనకాల వచ్చేవాళ్లు విసుక్కుంటున్నా పట్టించుకోక, పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని పైమెట్ల వైపు తిరిగి, మిగిలిన మెట్లన్నీ వెనక్కి వెనక్కి దిగాను. ఒకావిడ నన్ను వింతగా చూసింది. అమ్మా, నాకు మతి పోలేదు, ఒకప్పుడు బరువులెత్తినదాన్ని అని చెప్పాలనిపించింది గాని, రైలు అందుకోవలసిన మనిషి అంత కథ ఎక్కడ వింటుంది! మీరు తీరికగా ఉన్నారు గనక మీకు చెబుతాను.

రెండు వేల పది దాటిన తొలి ఏళ్లవి. మాది సముద్రపు ఒడ్డున ఊరు, నాన్న వేటకు వెళ్లే మనిషి. మా వైపు అప్పటికే ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్‌లో చేరడం, ఆటల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం తెచ్చుకోవడం మొదలైంది కాబట్టి, బడి పక్కన రేకుల షెడ్డులో మాస్టారు నేర్పుతుంటే నేనూ చేరాను. పొట్టి నిక్కరు చూసి మా నాయనమ్మ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు గాని, జిల్లా పోటీల్లో కప్పు తెచ్చాక దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది కూడా ఆవిడే. రాష్ట్ర పోటీల్లో నిలబడితే ఉద్యోగం వచ్చినట్టేనని మాస్టారు అనేవారు, ఇంట్లో అందరూ నా కాళ్ల మీదే ఆశ పెట్టుకున్నారు.

ఆ పోటీలకు ముందు, ఒక సాయంత్రం బరువు భుజాల మీదికి తీసుకుని గొంతుక్కూర్చుని లేవబోతుంటే, చిప్ప కింద పాతగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. బరువు ముందుకు పడేసి నేను వెనక్కి పడ్డాను. ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపించిందట, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. డాక్టరుగారు చూసి, చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచే నరం సగం చిరిగింది, పూర్తిగా తెగలేదు, కోత అక్కర్లేదు, కొన్ని వారాలు పట్టీ వేసి కదపకుండా ఉంచి, తర్వాత వ్యాయామం మొదలుపెట్టాలి, మళ్లీ తీసుకురండి అన్నారు. మావాళ్లకు కదపకుండా ఉంచాలన్నంత వరకే వినిపించింది.

ఆడమనిషిని మంచాన పెట్టి ఒళ్లు గట్టిపరచడానికి మా ఇళ్లలో తెలిసిన పద్ధతి ఒక్కటే, బాలింత పథ్యం. నాయనమ్మ నా చెవుల్లో దూది పెట్టింది, తలకు గుడ్డ కట్టింది, వాము పొగ వేసింది, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టింది. పాలు పడడానికి బాలింతలకు పెట్టే పాలసొర చేప పిట్టు కూడా నాకు తప్పలేదు. చూడవచ్చిన మా మేనత్త గుమ్మంలోనే నిలబడి, "అన్నీ బాగున్నాయే, పిల్లెక్కడే?" అంటే ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను. పట్టీ విప్పవలసిన గడువు ఆ నవ్వుల్లోనే దాటిపోయింది.

ఒకనాడు స్నానానికి అమ్మ పట్టీ విప్పింది. రెండు కాళ్లూ పక్కపక్కన చాపి చూసుకుంటే ఎడమ తొడ నాది కాదు. కండ కరిగి, చర్మం వదులై, ఎవరో ముసలావిడ కాలు తెచ్చి నాకు అతికించినట్టుంది. అమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఉద్యోగం మాట దేవుడెరుగు, ఇక జన్మలో కుంటకుండా నడుస్తానా అనిపించింది. నాన్న ఆ పూట వేట మానేసి నన్ను ఆటోలో విజయనగరం తీసుకెళ్లాడు.

అక్కడ వ్యాయామం చేయించే మేడమ్ గారు కాలు చూసి మమ్మల్ని చెడామడా తిట్టారు. బరువు మోయని నరం బలపడదు, కొద్దికొద్దిగా మోయించాలి, నెమ్మదిగా కూర్చుని లేవాలి, నడుముకు బరువు కట్టి వెనక్కి నడవాలి, కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, తెల్లారేసరికి తగ్గితే చాలు అన్నారు. నొప్పి ఉన్నా ఫరవాలేదన్న మాట విన్నాక ఆవిడ మొహం చూడడానికే భయమేసింది. తిరిగి వచ్చేటప్పుడు, ఊరు దగ్గరపడ్డాక నాన్న, "ఎనక్కి నడవడవేటే, మేం రోజూ సేసే పనే గదా!" అన్నాడు.

అలివి వల లాగడం చూసి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. వలను సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద నుంచి జనం బారుగా నిలబడి, నడుము ఆనించి, సముద్రం వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తూ లాగుతారు. నాన్న నన్ను ఆ బారులో తన ముందు నిలబెట్టాడు. మొదటి అడుగు వెనక్కి వేయాలంటే నా ఒళ్లు కదలలేదు. అడుగు ఎక్కడ పడుతుందో కనబడదు, మోకాలు ఎప్పుడు చిటుక్కుమంటుందో తెలియదు, ఏడుపు ముంచుకొచ్చింది.

"కిందకి సూడకే, సముద్రంకేసి సూడు. ఎనకాల నానున్నాను, పడిపోవు," అన్నాడు.

నాన్న నాకు కనబడేవాడు కాదు. చేతుల్లో తాడు మాత్రం వెనక్కి గుంజుకునేది, అంటే ఉన్నాడన్నమాట. ఆ గుంజుడును నమ్ముకుని ఒక అడుగు వేశాను, తర్వాత మరొకటి. రోజూ వెళ్లాను, రోజూ భయపడ్డాను. కండ మెల్లగా తిరిగొచ్చింది, మరుసటి ఏడు మళ్లీ బరువు కిందికీ వెళ్లాను. లేచాను కూడా. అయితే పాత బరువు దగ్గరికి వచ్చేసరికి చెవిలో ఆ గుడ్డ చిరిగిన చప్పుడు వినబడి బరువు వదిలేసేదాన్ని. రాష్ట్ర పోటీలు, రైల్వే ఉద్యోగం అలా జారిపోయాయి. ఇప్పుడు కొత్తవలసలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను, ఎవరైనా మోకాలు పట్టుకుని కూర్చుంటే ముందు నేనే బెదిరిపోతాను.

ఇప్పుడు వ్యాయామం చేయించే వైద్యులు వీధికొకరు ఉన్నారు, పట్టీలు రంగురంగుల్లో దొరుకుతున్నాయి, మంచిదే. మా ఒడ్డున అలివి వల లాగేవాళ్లు లేరు, మగవాళ్లంతా దూరపు రేవుల్లో మరబోట్ల మీద పనికి పోయారు. నాన్నా లేడు. మొన్న ఆ మెట్ల మీద వెనక్కి దిగుతూ, పిడికిలి బిగించి కమ్మీ పట్టుకుని, అలవాటు చొప్పున ఒక్క క్షణం ఆగాను. ఇనుము కదా, అది వెనక్కి గుంజలేదు. కళ్లు తుడుచుకుని తర్వాతి మెట్టు నేనే వెతుక్కున్నాను.