రెండు లైన్ల ఇంట్లో తెగిన మాట

అక్షర ఉద్యోగం మాట్లాడటం. ఒక ఆరోగ్య బీమా కంపెనీ తరఫున రోగుల బంధువులకు ఫోన్ చేసి, ఏ కాగితం తక్కువైందో, ఏది ఎప్పటిలోగా పంపాలో చెబుతుంది. ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఆమె కూర్చునేది కేసముద్రం మార్కెట్ యార్డు వెనక వీధిలో, అత్తగారింటి మేడ మీది గదిలో.

ఇంటి నుంచి పని ఆడవాళ్లకు వరమని వ్యాసాలు రాసేవాళ్లున్నారు. వరాల సంగతి నాకు తెలియదు. అక్షర మాత్రం దాన్ని అడిగి తీసుకుంది. పెళ్లిచూపుల్లోనే ఉద్యోగం మానేది లేదని చెప్పింది, హరీష్ సరేనన్నాడు. అతని తల్లి కస్తూరి మాత్రం పెళ్లయ్యాక అడిగింది.

"ఇంట్ల కూసోని ఫోన్ల ముచ్చట పెడితే కొలువంటరా బిడ్డా?"

"అంటరత్తమ్మా. మీరు గూడ చేరుండ్రి, మీకైతె ట్రైనింగ్ గూడ అక్కర్లేదు."

కస్తూరి నవ్వింది. ఆ తర్వాత కోడలి గదిలో కాల్ నడుస్తుంటే మిక్సీ ఆపడం నేర్చుకుంది.

హరీష్‌ది అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పత్తి, మక్కలు అమ్మించి పెట్టే వ్యాపారం. ఒక్క లారీని నమ్ముకుని సరుకు పంపుతామని మాటిచ్చే కుటుంబం కాదది. ఇంటర్నెట్టుకూ అదే లెక్క వేసి రెండు కనెక్షన్లు పెట్టించాడు. ఒకటి, ఊరి కేబుల్ ఆపరేటర్ ఎల్లేశ్ స్తంభాల మీదుగా లాగి, అక్షర గదిలో ఒక డబ్బాకు కలిపిన ఫైబర్. రెండోది, మేడ మీద బిగించిన యాంటెన్నాకు సెల్ టవర్ నుంచి గాలిలో వచ్చేది. రెండూ ఒక రౌటర్‌లో కలుస్తాయి. అది కొన్ని కాల్స్‌ను ఇటూ కొన్నింటిని అటూ పంపుతుంది. ఒకటి పోతే రెండోది ఉంటుందిలే అని అందరికీ ధీమా.

దసరా సెలవు ముగిసిన మర్నాటి నుంచి అక్షర మాట తెగడం మొదలైంది. ఒక కాల్ శుభ్రంగా నడిచేది. తర్వాతి కాల్‌లో ఆమె చెప్పినదాంట్లో ముక్కలు ముక్కలుగా మాయమయ్యేవి. అవతల దవాఖాన వరండాలో నిలబడ్డ మనిషి "హలో, హలో" అని అరిచి పెట్టేసేవాడు. రెండు వారాలు చూసి మేనేజర్ మెయిల్ పంపాడు: శుక్రవారం ఆడిటర్ మీ కాల్స్ వింటారు, అప్పటికీ బాగుపడకపోతే సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చి కూర్చోండి. కేసముద్రం నుంచి రోజూ హైదరాబాద్ వెళ్లి రావడం కుదిరే పని కాదు. కాబట్టి ఆ మెయిల్‌కు అర్థం ఒక్కటే. ఉద్యోగం పోతుంది.

హరీష్‌కు ఇదంతా వింతగా ఉంది. "నా ఫోన్ల వీడియోలు మంచిగనే నడుస్తున్నయి. స్పీడ్ గూడ సూసిన, మస్తున్నది."

"స్పీడ్ ఉన్నది. ముక్కలే తొవ్వల పడిపోతున్నయి."

"పడ్డయి మల్ల పంపితె అయిపాయె."

"వీడియోకైతె అయితది. మనిషి హలో హలో అంటుంటె మల్ల పంపుడేంది?"

ఆమె చెప్పింది నిజం. మనం మాట్లాడేది ఇంటర్నెట్టులో పాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. వీడియో కొంత సరుకు ముందే దాచుకుంటుంది. పడిపోయిన పాకెట్‌ను మళ్లీ తెప్పించుకునే తీరిక దానికుంది. మాటకు ఆ తీరిక లేదు, పోయిన ముక్క పోయినట్టే.

ఎల్లేశ్‌కు ఫోన్ చేస్తే అతను రాకుండానే తేల్చేశాడు. "డబ్బ మీద ఎర్రలైటు గిట్ల వస్తున్నదా వదినా? రాలేదా? అయితె నా లైన్ సక్కగున్నది. ఆ గాలినెట్టుదే లొల్లి, పీకి అవతల పారేయుండ్రి." గాలినెట్టు వాళ్ల హెల్ప్‌లైన్‌లో అమ్మాయి ఇంకా మర్యాదగా అదే మాట అటు తిప్పి చెప్పింది. ఒకే కనెక్షన్ ఉంటే దొంగ ఎవరో తెలుస్తుంది. రెండుంటే ఇద్దరికీ చూపించడానికి ఒక వేలు దొరుకుతుంది.

బుధవారం అక్షర రౌటర్ ముందు కూర్చుంది. మొదట రౌటర్ నుంచి ఫైబర్ వైపు తీగ పీకి గాలినెట్టు ఒక్కదాని మీదే పరీక్ష నడిపింది. ఒక్క పాకెట్ పోలేదు. దాన్ని పీకి ఫైబర్ పెట్టింది, పాకెట్లు రాలడం మొదలైంది. తన కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా చూసింది, నష్టం లేదు. ఎల్లేశ్ డబ్బా దాకా చూసింది, అక్కడికీ లేదు. డబ్బా దాటి ఎల్లేశ్ ఆఫీసులోని మెషిన్ దాకా వెళ్లేసరికి పాకెట్లు పడిపోతున్నాయి. రౌటర్ ఎందుకు దారి మార్చలేదో కూడా అర్థమైంది. లైన్ చచ్చిందా లేదా అన్నదే దానికి తెలుసు, కుంటుతున్న లైన్ దాని కంటికి బతికున్నట్టే.

"అయితె శుక్రవారం గాలినెట్టు మీదనే మాట్లాడు," అన్నాడు హరీష్.

"పత్తి సీజన్ల, యార్డు నిండ మనుషులున్న రోజు? అందరి ఫోన్లూ గా టవర్ మీదనే. అప్పుడు దాని మీద మెసేజే పోదు, మాటేం పోతది?"

గురువారం పొద్దున ఆ పరీక్షల ఫొటోలు ఎల్లేశ్‌కు పంపింది. ఈసారి అతను ఫైబర్‌లో వచ్చే వెలుతురును కొలిచే మీటర్ పట్టుకుని వచ్చాడు. స్తంభం దగ్గర వెలుతురు సరిపడా ఉంది. ఇంట్లో డబ్బా వెనక నుంచి తీగ ఊడదీసి చూస్తే అక్కడా ఉంది. డబ్బా తనకు అందిందని చూపించే అంకె మాత్రం బాగా తక్కువ. ఎల్లేశ్ తీగ కొసను వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"వదినా, గిదేంది? పసుపు గదా!"

డబ్బా ముందువైపు పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు ఉన్నాయి. దసరాకు ఆయుధపూజ చేసే ఇంట్లో తూకం కాంటకు, బస్తా కొక్కేలకు, స్కూటర్‌కు, గల్లాపెట్టెకు అన్నింటికీ ఉంటాయి. అంతటా ఉన్నదాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. కస్తూరిని పిలిచారు.

"నేనే పెట్టిన," అందామె. "అన్నిటికీ పెడ్తున్నం, పిల్ల కొలువు చేసే డబ్బకు పెట్టకుంటె ఎట్లని, వైర్లన్నీ తీసి, మంచిగ తుడిచి పెట్టిన. మల్ల ఎట్లున్నయి అట్లనే గుచ్చిన."

"పసుపు చేతుల్తోని గుచ్చినవా పెద్దమ్మా?"

"పూజ గ్లవుసులేసుకొని చేస్తర్రా? ఇన్నేండ్ల సంది కాంటకు పెడ్తున్నం. ఎన్నడన్న తప్పు జోకిందా?"

"కాంటకు పైన పెడ్తరు అత్తమ్మా. లోపట పొయ్యరు."

హరీష్ నవ్వాడు. "ఇంక నయం, కొబ్బరికాయ గొట్టలే దాని మీద."

కస్తూరి నవ్వలేదు. కోడలి వైపు చూసి, "నా పూజ పాడుగాను, నీ కొలువు పోతదా?" అంది.

ఇక్కడ అత్త ప్రేమ గురించి ఒక పేరా రాయవచ్చు. నేను రాయను. ఆమె పెట్టింది ప్రేమతోనే, అనుమానం లేదు. వెంట్రుక కన్నా సన్నని గాజు పోగులోంచి రావలసిన వెలుతురుకు మాత్రం అది దుమ్ము. అక్షర కూడా ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. ఎల్లేశ్ తీగ కొసను చొక్కా అంచుతో తుడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నా, నీ చొక్క పసుపు కన్న అధ్వాన్నం. స్పిరిట్ లేదా?"

స్పిరిట్ ఉంది. ఎల్లేశ్ పాత కొస కోసేసి కొత్త కనెక్టర్ వేశాడు. డబ్బా రంధ్రాన్ని శుభ్రం చేసే సన్నటి పుల్లతో తుడిచాడు. మొదటిసారికి అంకె కొంచెమే పెరిగింది, పాకెట్లు ఇంకా రాలుతున్నాయి. మార్చడానికి కొత్త డబ్బా సోమవారం గానీ రాదన్నాడు. అక్షర మళ్లీ తుడవమంది. మరోసారి తుడవమంది. అతను విసుక్కుంటూనే తుడిచాడు. చివరికి అంకె దారికొచ్చింది. ఆమె పరీక్ష పెట్టి, భోజనం చేసి వచ్చి చూసుకుంది. ఏదీ పోలేదు. కాల్స్ అన్నీ ఫైబర్ మీదే వెళ్లేట్టు, పాకెట్లు పడిపోతుంటే అవతలి లైన్‌కు మారేట్టు రౌటర్‌ను సరిచేసుకుంది.

శుక్రవారం ఆడిటర్ చాలా కాల్స్ విన్నాడు. ఆఖరున ఆమెతో నేరుగా మాట్లాడాడు. "వాయిస్ క్లియర్‌గా ఉంది, ఇంటి నుంచే కొనసాగండి. కానీ వెనక ఎవరో పత్తిలో తేమ ఎక్కువుందని పోట్లాడుతున్నారు. తలుపు వేసుకోండి."

మెట్ల మీద కూర్చుని దుకాణం హమాలీతో ఫోన్‌లో వాదిస్తున్న కస్తూరి, కోడలు హెడ్‌ఫోన్ తీయడం చూసి లేచింది.

"ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది. తలుపు ఏసుకోమన్నరు."

"నా మాట గూడ గంత సాఫుగ వినవడ్డదా?"

"ఒక్క ముక్క గూడ పోలే."

కస్తూరి గుమ్మం దాకా వచ్చింది. "మరి తేమ సంగతేమన్నడు?"

అక్షర తలుపు వేసుకుంది. తర్వాతి కాల్ అప్పటికే మోగుతోంది.