అక్క ఫోను చేసే వేళ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. పోయినవాళ్లు అల్లా దగ్గరికి వెళతారు, తిరిగి రారు అని మా నాన్న నేర్పారు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట చెప్పలేదు.

మాది విజయవాడ వన్ టౌన్‌లో పరుపులు కుట్టే ఇల్లు. దూది దుమ్ముకి నాకు చిన్నప్పుడే ఉబ్బసం పట్టుకుంది. బడికి పోలేకపోయాను. మా రజియా అక్క బడి నుంచి రాగానే ఆ రోజు పాఠం నాకు చెప్పేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అక్క చలవే.

నా ఆయాసం ఎప్పుడూ తెల్లవారుజామునే ఎక్కువయ్యేది. పగలంతా దుమ్ములో ఉన్నా రానిది అప్పుడే ఎందుకొస్తుందని అక్క అడిగితే డాక్టరుగారు నవ్వి ఊరుకునేవారు. అక్క ఊరుకోలేదు. పెద్దయ్యాక దూరపు నగరంలో దాని మీదే పరిశోధన చేసింది. రోగాలతో పోరాడే కణాలకి కూడా పగలూ రాత్రీ తెలుసట. ఒంట్లో ఒక గడియారం ఉండి వాటిని నడిపిస్తుందట.

ఎలుకల్ని చీకటి గదిలో ఉంచి ఆ గడియారం ఎలా నడుస్తుందో చూసేది. ఫోను వెలుగు పడినా ప్రయోగం పాడవుతుంది కాబట్టి దాన్ని బయటే పెట్టి లోపలికి వెళ్లేది. బయటికి రాగానే, పొద్దు వాలే అసర్ నమాజు వేళకి, రోజూ అమ్మకి ఫోను చేసేది.

అది ఉత్త పలకరింపు కాదు. నీటికాసులతో అమ్మకి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. నిద్ర గాడి తప్పింది. కొన్నాళ్లు పగలంతా పడుకునేది, కొన్నాళ్లు రాత్రంతా మేలుకునేది. వెలుగు అందని గడియారం రోజూ కాస్త వెనకబడుతుందని అక్క చెప్పింది. రోజూ ఒకే వేళకి లేపి, మాట్లాడి, తినిపిస్తే సర్దుకుంటుందంది. అలాగే సర్దుకుంది.

"నా ఎలుకలు నీకంటే నయమమ్మా, వేళకి తింటాయి," అనేది అక్క.

"నీకు భయపడి తింటాయిలే," అనేది అమ్మ.

పోయినేడు అక్క ల్యాబులోనే గుండె ఆగి చనిపోయింది. మావారూ నేనూ గన్నవరంలో విమానమెక్కి వెళ్లాం. మగవాళ్లు అక్కడే ఖననం చేసి మట్టిచ్చి వచ్చారు. అమ్మ గుండె కూడా అంతంతమాత్రం. వింటే తట్టుకోదని చెప్పలేదు. అక్క పెద్ద ప్రయోగంలో ఉంది, కొన్ని నెలలు ఫోను కుదరదు అన్నాను. "సరేలే," అంది అమ్మ. మళ్లీ అడగలేదు.

ఫోను ఆగిపోయినా అమ్మ వేళ తప్పలేదు. రోజూ నేను నమాజు ముగించి వచ్చేసరికే అసర్‌కి లేచి, తలమీద కొంగు సర్దుకుని, అరచెయ్యి చెవికి ఆనించుకుని ఉండేది. మసీదులో అజాన్ పిలుపు విని లేస్తోందనుకుందామన్నా, ఇప్పుడు మేముండేది బెంజ్ సర్కిల్ దగ్గర. ఆ ట్రాఫిక్ మోతలో అజాన్ నాకే వినపడదు.

అక్క దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి పరామర్శకి వస్తే, అమ్మ వేళ తప్పకుండా ఎలా లేస్తోందని ముందు గదిలో మెల్లగా అడిగాను. "ఈపాటికి గాడి తప్పాలండీ. ఆవిణ్ణి రోజూ ఏదో ఒకటి లేపుతుండాలి. మీరేనా?" అంది. నేను కాదు. ఆ వేళకి నేను నమాజులో ఉంటాను.

మర్నాడు ముందుగానే వెళ్లి అమ్మ పక్కన చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఊఁ... ఊఁ... తిన్నావా?" అంది. కాసేపటికి చెయ్యి దించి, అల్లాని వేడుకుంటూ దువా మొదలుపెట్టింది.

మా ఇళ్లలో బతికున్నవాళ్లకి చేసే దువా వేరు, పోయినవాళ్లకి వేరు. అక్క ఫోను పెట్టేశాక అమ్మ ఎప్పుడూ ఆయుష్షు, ఆరోగ్యం అడిగేది. ఆ రోజు "అల్లా, నా బిడ్డని క్షమించు. దాని గోరీలో వెలుగు నింపు," అంది.

"ఎవరు చెప్పారమ్మా?" అన్నాను.

"అదే చెప్పింది, మొదటి రోజే. చిన్నది చెప్పలేక నలిగిపోతోంది, దాన్నేం అడగొద్దు అంది."

మేం మాట్లాడుకుంటుంటే విని ఉండొచ్చు. దువా సంగతికి ఆ జవాబు సరిపోతుంది. రోజూ వేళకి ఏది లేపుతోందన్న సంగతికి సరిపోదు.

ఇప్పుడు ఇద్దరం కలిసే ఆ దువా చేస్తున్నాం. నాకు ఆ తోడు ఇచ్చినందుకు అల్లాకి షుకర్. మొన్న "నువ్వూ మాట్లాడు," అని అమ్మ ఆ అరచెయ్యి నా చెవికి ఆనించింది. నాకేమీ వినపడలేదు. చెయ్యి మాత్రం, చాలాసేపు మాట్లాడిన ఫోనులా వేడిగా ఉంది.

ఎందుకలా ఉందో నాకు తెలియదు. అక్క ఉంటే అడిగేదాన్ని.